మనోవిజ్ఞాన శాస్త్రంలో పరిశోధన రూపకల్పన, గణాంక శిక్షణ

మనోవిజ్ఞాన శాస్త్రాన్ని ఎంఏ, ఎంఎస్సీ, పీహెచ్‌డీ స్థాయిల్లో చదివే ప్రతి విద్యార్థీ నేర్చుకోవలసిన విషయాలు పరిశోధన రూపకల్పన, గణాంక శాస్త్రం. ఒక ప్రశ్నకు నమ్మదగిన జవాబు రావాలంటే ఎవరిని, ఎప్పుడు, ఎలా పరిశీలించాలో, దేన్ని దేనితో పోల్చాలో రూపకల్పన తేలుస్తుంది. వచ్చిన అంకెల్లో ఎంత అసలు తేడా, ఎంత యాదృచ్ఛికం అన్నది గణాంక విశ్లేషణ అంచనా వేస్తుంది. ఈ రెంటికీ మధ్య కొలత ఉంది. భయం, తెలివి, జ్ఞాపకశక్తి, వ్యాకులత కంటికి కనబడవు. ప్రశ్నావళిలో వచ్చే స్కోరు, స్పందించడానికి పట్టే సమయం, ప్రవర్తనలోని మార్పు వంటి ఆనవాళ్లను బట్టి వాటిని ఊహించాలి. సిలబస్‌లో ఈ మూడూ వేర్వేరు పేపర్లుగా కనిపించవచ్చు గాని, పరిశోధనలో అవి ఒకే పనిలోని దశలు. ముందు దశలో జరిగిన లోపాన్ని తర్వాతి దశ సరిదిద్దలేదు. ఈ రంగం గడచిన వందేళ్లలో నేర్చుకున్న ముఖ్యమైన పాఠం ఇదే.

చారిత్రక నేపథ్యం

జర్మనీలో గుస్తావ్ ఫెక్నర్ 1860లో వెలువరించిన మనోభౌతిక శాస్త్ర గ్రంథం, విల్‌హెల్మ్ వుంట్ 1879లో లైప్‌జిగ్‌లో నెలకొల్పిన ప్రయోగశాల ప్రయోగాత్మక మనోవిజ్ఞానానికి పునాది వేశాయి. అప్పటి ప్రయోగాల్లో పాల్గొనేవారు కొద్దిమందే. ఒక్కొక్కరి మీద అనేకసార్లు పరీక్షలు జరిపేవారు. మనుషుల మధ్య తేడాలను లెక్కగట్టే సంప్రదాయం మాత్రం ఇంగ్లండ్‌లో ఫ్రాన్సిస్ గాల్టన్, కార్ల్ పియర్సన్‌లతో పెరిగింది. చార్లెస్ స్పియర్‌మన్ 1904లో వేర్వేరు పరీక్షల మార్కుల మధ్య సహసంబంధాలను పరిశీలించి సామాన్య ప్రజ్ఞ భావనను ప్రతిపాదించాడు. అనేక స్కోర్ల వెనుక ఉన్న ఉమ్మడి కారకాలను వెతికే కారకాంశ విశ్లేషణకు అదే తొలి అడుగు.

గిన్నిస్ కంపెనీలో పనిచేసే విలియం గోసెట్ 1908లో ‘స్టూడెంట్’ అనే కలం పేరుతో చిన్న శాంపిళ్లకు పనికివచ్చే పద్ధతిని ప్రచురించాడు. ఈనాటి టి-పరీక్ష దాని నుంచే వచ్చింది. రోనాల్డ్ ఫిషర్ 1925లో పరిశోధకుల కోసం గణాంక పద్ధతుల గ్రంథాన్ని, 1935లో ప్రయోగాల రూపకల్పన గ్రంథాన్ని వెలువరించాడు. రెండో పుస్తకంలోని టీ ప్రయోగం ఇప్పటికీ తరగతిలో చెప్పే మొదటి ఉదాహరణ. కప్పులో ముందు పాలు పోశారో, టీ పోశారో రుచి చూసి చెప్పగలనని ఒక మహిళ అంటుంది. ఎనిమిది కప్పుల్లో నాలుగు ఒక రకం, నాలుగు మరో రకం. వాటిని యాదృచ్ఛిక క్రమంలో ఇస్తారు. కేవలం ఊహతో అన్నీ సరిగా చెప్పే అవకాశం 70లో ఒకటి. కప్పుల వరసను యాదృచ్ఛికంగా నిర్ణయించినందువల్లే ఆ 70 అనే లెక్కకు అర్థం ఉంది. రూపకల్పన లేనిదే సంభావ్యత లేదని ఈ చిన్న ప్రయోగం చూపుతుంది.

యెర్జీ నేమన్, ఈగన్ పియర్సన్ 1933లో రెండు రకాల పొరపాట్ల భావనతో మరో పద్ధతిని రూపొందించారు. లేని ప్రభావాన్ని ఉందనుకోవడం ఒకటి, ఉన్న ప్రభావాన్ని పట్టుకోలేకపోవడం రెండోది. తర్వాత వచ్చిన మనోవిజ్ఞాన పాఠ్యపుస్తకాలు ఫిషర్ దృష్టినీ, నేమన్–పియర్సన్ దృష్టినీ కలిపి ఒకే యాంత్రిక సూత్రంగా అందించాయి. పి-విలువ చుట్టూ ఈనాటికీ ఉన్న అయోమయానికి ఒక మూలం అక్కడుంది.

చికిత్సకులు కూడా పరిశోధన నేర్చుకోవాలన్న నియమం 1949లో అమెరికాలోని బౌల్డర్‌లో జరిగిన సమావేశంతో స్థిరపడింది. వైద్య మనోవిజ్ఞాన శిక్షణలో శాస్త్రజ్ఞుడు, చికిత్సకుడు ఒకే వ్యక్తిలో ఉండాలని ఆ సమావేశం నిర్ణయించింది. కౌన్సెలింగ్ చేయాలనుకునే విద్యార్థికి గణాంక పేపరు ఎందుకన్న ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. తాను ఇచ్చే చికిత్స పనిచేస్తోందో లేదో తేల్చుకోలేని వ్యక్తి, తన దగ్గరకు వచ్చినవారికి పూర్తి న్యాయం చేయలేడు.

రూపకల్పన

ఈ భాగానికి మూలగ్రంథం డొనాల్డ్ క్యాంప్‌బెల్, జూలియన్ స్టాన్లీ 1963లో వెలువరించిన రచన. ఒక ఫలితానికి మనం అనుకున్న కారణం కాక మరే కారణాలు ఉండవచ్చో వారు వరసగా గుర్తించి పేర్లు పెట్టారు. వాటిని అంతర్గత సప్రమాణతకు ముప్పులు అంటారు.

ఒక ఊహాత్మక అధ్యయనాన్ని తీసుకుంటే ఇవి స్పష్టమవుతాయి. పరీక్షల భయం ఎక్కువగా ఉన్న ఇంటర్ విద్యార్థులను ప్రశ్నావళితో ఎంపిక చేసి, నాలుగు వారాలు ప్రాణాయామం నేర్పి, మళ్లీ అదే ప్రశ్నావళి ఇచ్చారనుకుందాం. స్కోరు తగ్గింది. టి-పరీక్షలో తేడా సార్థకమని తేలింది. ఇంతటితో ప్రాణాయామం భయాన్ని తగ్గించిందని చెప్పలేం. ఈలోగా పరీక్షలు అయిపోయి ఉండవచ్చు. ఒకే ప్రశ్నావళిని రెండోసారి నింపుతున్నప్పుడు జవాబులు మారవచ్చు. నేర్పిన గురువును నొప్పించకూడదని పిల్లలు తక్కువ భయం రాసి ఉండవచ్చు. అన్నిటికన్నా తరచుగా విద్యార్థుల దృష్టి దాటిపోయేది సగటు వైపు మళ్లడం. గాల్టన్ తల్లిదండ్రుల, పిల్లల ఎత్తులను పోల్చి దీన్ని వివరించాడు. ఒక రోజు అతి ఎక్కువ స్కోరు వచ్చినవారిని మాత్రమే ఎంచుకుంటే, ఏమీ చేయకపోయినా మరోసారి వారి సగటు స్కోరు తగ్గుతుంది.

వీటికి విరుగుడు లెక్కలో లేదు, రూపకల్పనలో ఉంది. విద్యార్థులను యాదృచ్ఛికంగా రెండు సమూహాలుగా విభజించి, రెండో సమూహానికి శిక్షణను తర్వాత ఇస్తే, పరీక్షలు ముగియడం, స్కోరు సగటు వైపు మళ్లడం రెండు సమూహాల్లోనూ సమానంగా జరుగుతాయి. రెండో సమూహానికి కూడా అంతే సమయం, అంతే శ్రద్ధ లభించే మరో కార్యక్రమం ఇస్తే పోలిక మరింత బలపడుతుంది. ఎవరు ఏ సమూహంలో ఉన్నారో కొలిచేవారికి తెలియకుండా చూడాలి.

యాదృచ్ఛిక కేటాయింపు సాధ్యం కాని సందర్భాలెన్నో ఉన్నాయి. విడాకులు, వరదలు, ఉద్యోగం పోవడం వంటి అనుభవాలను పరిశోధకుడు ఎవరికీ కేటాయించలేడు, కేటాయించకూడదు. అందుకే అర్ధ ప్రయోగ రూపకల్పనలు, కాలక్రమ పరిశీలనలు, దీర్ఘకాలిక అధ్యయనాలు పాఠ్యక్రమంలో ఉంటాయి. థామస్ కుక్, క్యాంప్‌బెల్ 1979లో వెలువరించిన గ్రంథం వీటిని విపులంగా చర్చించింది.

విద్యార్థులను విడివిడిగా కాక, తరగతులకు తరగతులనే సమూహాలుగా కేటాయించినప్పుడు మరో సమస్య వస్తుంది. ఒకే గదిలో, ఒకే ఉపాధ్యాయుడి దగ్గర చదివేవారి జవాబులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. తరగతికి 30 మంది చొప్పున పది తరగతులు తీసుకుని, తరగతి లోపలి సహసంబంధం 0.05 మాత్రమే అనుకున్నా, 300 మంది ఇచ్చే సమాచారం స్వతంత్రంగా ఎంపికైన సుమారు 122 మంది ఇచ్చే సమాచారంతో సమానం. బహుళస్థాయి విశ్లేషణ నేర్పడానికి కారణం ఇదే.

లెక్క సరైనదే, ప్రయోగం సంగతి ఏమిటి?

గణాంకాలు ఎక్కడ ఆగుతాయో చూపే చారిత్రక ఉదాహరణ ఒకటుంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జె.బి. రైన్ 1930లలో అతీంద్రియ జ్ఞానంపై కార్డులతో ప్రయోగాలు చేశాడు. ఐదు గుర్తులున్న 25 కార్డుల కట్టలో ఊహతో సరిపోలేవి సగటున ఐదు. అంతకన్నా ఎక్కువ వస్తున్నాయని రైన్ 1934లో ప్రకటించాడు. విమర్శకులు మొదట అతని లెక్కలను తప్పుబట్టారు. 1937లో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ అధ్యక్షుడు బర్టన్ క్యాంప్, గణాంక విశ్లేషణ ప్రాథమికంగా సరైనదేననీ, విమర్శించాలంటే గణితేతర కారణాలపైనే చేయాలనీ తేల్చాడు. దాంతో చర్చ కార్డుల వెనుక వైపు నుంచి గుర్తులు కనిపించే అవకాశం, ఫలితాలు రాసుకోవడంలో పొరపాట్లు, పరీక్షించేవారి నుంచి తెలియకుండా అందే సూచనలు వంటి ప్రయోగ లోపాల మీదికి మళ్లింది. రైన్‌తో కలిసి పనిచేసిన కోనేరు రామకృష్ణారావు 1960ల చివర్లో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో మనోవిజ్ఞాన, పరామనోవిజ్ఞాన శాఖను నెలకొల్పారు. అందువల్ల ఈ చర్చ తెలుగు విద్యాలోకానికి దూరపు విషయమేమీ కాదు.

కొలత

ఎస్.ఎస్. స్టీవెన్స్ 1946లో కొలమానాలను నామ, క్రమ, అంతర, నిష్పత్తి అనే నాలుగు రకాలుగా విభజించాడు. రెన్సిస్ లైకర్ట్ 1932లో ప్రవేశపెట్టిన వైఖరి మాపని, విశ్వసనీయతను అంచనా వేయడానికి లీ క్రాన్‌బాక్ 1951లో వివరించిన ఆల్ఫా గుణకం దాదాపు ప్రతి సిద్ధాంత గ్రంథంలోనూ కనిపిస్తాయి. క్రాన్‌బాక్, పాల్ మీల్ 1955లో నిర్మాణ సప్రమాణత భావనను వివరించారు. ఒక ప్రశ్నావళి తాను కొలుస్తానన్నదాన్నే కొలుస్తోందా అన్న ప్రశ్నకు ఒక్క సంఖ్య జవాబు చెప్పదనీ, సిద్ధాంతం చెప్పే సంబంధాలన్నిటితో దాన్ని సరిచూస్తూ పోవాలనీ వారి వాదన.

కొలత బలహీనమైతే నష్టం ఎంతో స్పియర్‌మన్ 1904లోనే లెక్కగట్టాడు. రెండు లక్షణాల మధ్య అసలు సహసంబంధం 0.50 ఉండి, రెండు ప్రశ్నావళుల విశ్వసనీయతా 0.70 చొప్పున ఉంటే, మన చేతికి వచ్చే సహసంబంధం 0.35 మాత్రమే. ఆల్ఫా 0.70 దాటితే చాలన్న అలవాటు ఎంత సమాచారాన్ని వదులుకుంటుందో ఇది చెబుతుంది.

తెలుగులో పరిశోధన చేసేవారికి ఈ భాగం మరీ ముఖ్యం. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో తయారైన మాపనిని తెలుగు చేసి వాడటం ఇక్కడ తరచుగా జరిగే పని. ఒకరు తెలుగులోకి తెచ్చాక, మూలం చూడని మరొకరు దాన్ని తిరిగి ఆంగ్లంలోకి మార్చి సరిపోల్చే పద్ధతిని రిచర్డ్ బ్రిస్లిన్ 1970లో విశదీకరించాడు. అయితే అది ఆరంభమే. శ్రీకాకుళంలో, అనంతపురంలో, ఆదిలాబాద్‌లో కొద్దిమంది చేత ప్రశ్నలు చదివించి, ఏమర్థమైందో అడిగి తెలుసుకోవాలి. కారకాంశ నిర్మాణం మూల మాపనితో సరిపోతోందో లేదో చూడాలి. అది తేలకుండా రెండు దేశాల సగటు స్కోర్లను పోల్చడం అర్థం లేని పని.

గణాంక విశ్లేషణ

సాధారణ పాఠ్యక్రమం సగటు, మధ్యగతం, ప్రామాణిక విచలనంతో మొదలై సహసంబంధం, టి-పరీక్ష, కై-వర్గ పరీక్ష, విస్తృతి విశ్లేషణ, రిగ్రెషన్ మీదుగా సాగుతుంది. వీటిని విడివిడి సూత్రాలుగా బట్టీ పట్టడం వల్ల ఎక్కువమంది ఇబ్బంది పడతారు. జేకబ్ కోహెన్ 1968లో టి-పరీక్ష, విస్తృతి విశ్లేషణ వంటివన్నీ బహుళ రిగ్రెషన్ రూపాలేనని చూపాడు. ఆ ఏకత్వం అర్థమైన విద్యార్థి కొత్త పద్ధతిని కొత్త సూత్రంగా కాక, తెలిసిన దాని విస్తరణగా గ్రహిస్తాడు.

ఈ విశ్లేషణల్లో భారతీయుల పేర్లు అడుగడుగునా ఎదురవుతాయి. ఒకేసారి అనేక ఫలితాలను పోల్చే బహుచర విస్తృతి విశ్లేషణను కంప్యూటర్‌లో చేస్తే వచ్చే పట్టికలో కేరళకు చెందిన కె.సి.ఎస్. పిళ్లై పేరుతో ఒకటి, కలకత్తాలో పనిచేసిన ఎస్.ఎన్. రాయ్ పేరుతో ఒకటి సూచికలు ఉంటాయి. అదే పట్టికలోని విల్క్స్ సూచికను ఎఫ్-విలువగా మార్చే సూత్రం సి.ఆర్. రావుది. తెలుగు కుటుంబంలో 1920లో పుట్టిన రావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో గణాంక శాస్త్రం అభ్యసించి, కేంబ్రిడ్జ్‌లో ఫిషర్ పర్యవేక్షణలో 1948లో డాక్టరేట్ పొందారు. ఇతరులకు బాగా దూరంగా ఉన్న స్కోర్లను గుర్తించడానికి వాడే దూరం పి.సి. మహలనోబిస్ 1936లో ప్రతిపాదించినది.

అన్నిటికన్నా ఎక్కువ అపార్థానికి గురైనది పి-విలువ. ప్రభావమేదీ లేదనే శూన్య పరికల్పన నిజమే అయితే, ఇంత తేడా గాని అంతకన్నా పెద్ద తేడా గాని రావడానికి ఉన్న సంభావ్యత అది. పరికల్పన నిజమయ్యే సంభావ్యత కాదు. ప్రయోగాన్ని మళ్లీ చేస్తే అదే ఫలితం వచ్చే సంభావ్యతా కాదు. హాలర్, క్రౌస్ 2002లో జర్మనీలోని ఆరు విశ్వవిద్యాలయాల్లో పి-విలువ గురించి ఆరు తప్పుడు వాక్యాలు ఇచ్చి పరీక్షించారు. విద్యార్థులందరూ కనీసం ఒకదాన్ని నిజమన్నారు. ఈ విషయాన్ని బోధించేవారిలో కూడా 80 శాతం మంది అలాగే అన్నారు. బోధించేవారికే స్పష్టత లేకపోతే నేర్చుకునేవారిని తప్పుపట్టలేం.

పవర్ అంటే, ప్రభావం నిజంగా ఉన్నప్పుడు దాన్ని మన అధ్యయనం పట్టుకోగల అవకాశం. కోహెన్ 1962లో ఒక ప్రముఖ పత్రికలోని పరిశోధనలను పరిశీలించి, మధ్యస్థ ప్రభావాన్ని పట్టుకునే సగటు పవర్ 0.48 మాత్రమేనని కనుగొన్నాడు. నాణెం ఎగరేసినంత అవకాశమన్నమాట. రెండు సమూహాల పోలికలో 0.05 సార్థకతా స్థాయిలో 0.80 పవర్ కావాలంటే, పెద్ద ప్రభావానికి సమూహానికి 26 మంది, మధ్యస్థ ప్రభావానికి 64 మంది, చిన్న ప్రభావానికి 393 మంది అవసరం. సమూహానికి 30 మంది చాలన్న వాడుక మాటను ఈ లెక్కలు బలపరచవు. ప్రభావ పరిమాణం, విశ్వాసాంతరం రెండూ చెప్పాలని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమించిన బృందం 1999లో సూచించింది.

పునరావృత్తి సంక్షోభం

2011లో డారిల్ బెమ్ ఒక ప్రతిష్ఠాత్మక పత్రికలో, జరగబోయేదాన్ని మనుషులు ముందే గ్రహించగలరని సూచించే తొమ్మిది ప్రయోగాలను ప్రచురించాడు. వాడినవి అందరూ వాడే పద్ధతులే. అదే ఏడాది సిమన్స్, నెల్సన్, సిమన్‌సన్ మరో వ్యాసంలో, సమాచారం సేకరణ ఎప్పుడు ఆపాలి, ఏ చరాలను ఉంచాలి అన్నవి ఫలితం చూశాక నిర్ణయిస్తే, లేని ప్రభావం ఉన్నట్టు తేలే అవకాశం 5 శాతం నుంచి 61 శాతం దాకా పెరగగలదని చూపారు. ఒక పాట వింటే మనిషి వయసే తగ్గుతుందన్న అసాధ్యమైన ఫలితాన్ని నిజమైన సమాచారంతోనే వారు ‘నిరూపించారు’.

2015లో ఓపెన్ సైన్స్ కొలాబరేషన్ వంద అధ్యయనాలను మళ్లీ చేసింది. మూల అధ్యయనాల్లో 97 శాతం సార్థక ఫలితాలుంటే, పునరావృత్తిలో 36 శాతమే అలా వచ్చాయి. శాంపిళ్లు ఎక్కడివన్న ప్రశ్న కూడా బలపడింది. హెన్రిక్, హైన్, నోరెంజయాన్ 2010లో, మనోవిజ్ఞాన నిర్ధారణలు ఎక్కువగా సంపన్న పాశ్చాత్య సమాజాలవారిపై చేసిన పరిశీలనల నుంచే వస్తున్నాయని ఎత్తిచూపారు.

వీటి ఫలితంగా పాఠ్యక్రమం మారుతోంది. పరికల్పనను, విశ్లేషణ ప్రణాళికను సమాచారం సేకరించకముందే నమోదు చేయడం, సమాచారాన్ని, కోడ్‌ను అందరికీ అందుబాటులో ఉంచడం ఇప్పుడు శిక్షణలో భాగమవుతున్నాయి. కార్టెక్స్ పత్రిక 2013లో ప్రారంభించిన రిజిస్టర్డ్ రిపోర్ట్ విధానంలో, ఫలితాలు రాకముందే రూపకల్పనను బట్టి వ్యాసాన్ని అంగీకరిస్తారు. 2021లో వెలువడిన ఒక పోలికలో, మామూలు వ్యాసాల్లో 96 శాతం తమ తొలి పరికల్పన నెగ్గిందని చెబితే, ఈ విధానంలో వచ్చినవాటిలో 44 శాతమే అలా చెప్పాయి.

భారతదేశంలో శిక్షణ

భారతదేశంలో తొలి మనోవిజ్ఞాన శాఖ కలకత్తా విశ్వవిద్యాలయంలో 1916లో ఏర్పడింది. 1924లో మైసూరులో మొదలైన శాఖకు సారథ్యం వహించిన ఎం.వి. గోపాలస్వామి లండన్‌లో స్పియర్‌మన్ దగ్గర శిక్షణ పొందారు. తరతరాల భారతీయ విద్యార్థులు హెన్రీ గారెట్ రాసిన గణాంక గ్రంథంతో ఈ విషయంలోకి అడుగుపెట్టారు. ఫ్రెడ్ కెర్లింగర్ పుస్తకం కూడా విస్తృతంగా వాడుకలో ఉంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ కోర్సువర్క్‌కు కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. అందులో పరిశోధన పద్ధతులు, పరిశోధన–ప్రచురణ నైతికత తప్పనిసరి.

తెలుగు రాష్ట్రాల్లో ఎంఏ మనోవిజ్ఞానంలో చేరే వారిలో ఇంటర్‌లో హెచ్‌ఈసీ వంటి గ్రూపులు చదివి, పదో తరగతితోనే గణితం వదిలేసినవారూ ఉంటారు. వీరికి గణాంక పేపరంటే బెరుకు సహజం. ఈ బెరుకు ప్రపంచమంతటా ఉన్నదే. దాన్ని కొలవడానికి 1985లో 51 అంశాల మాపని కూడా తయారైంది. వీరికి కావలసింది గణిత ప్రతిభ కంటే క్రమశిక్షణతో కూడిన ఆలోచన. కూడికలు, వర్గమూలాలు కంప్యూటర్ చేస్తుంది. పోలిక న్యాయమైనదో కాదో తేల్చడం మనిషే చేయాలి.

సాఫ్ట్‌వేర్ విషయంలో కూడా పరిస్థితి మెరుగైంది. 1968లో స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన ఎస్‌పీఎస్‌ఎస్ ఖరీదైనది. ఆర్, జమోవి, జాస్ప్ ఉచితం. శాంపిల్ పరిమాణం లెక్కించే జీ-పవర్ కూడా ఉచితమే.

బోధన పద్ధతులు

1990లో లియోనా ఐకెన్ బృందం అమెరికా, కెనడాల్లోని పీహెచ్‌డీ కోర్సులను సర్వే చేసి, గణాంక పాఠ్యక్రమం ఇరవై ఏళ్లుగా పెద్దగా ముందుకు సాగలేదనీ, కొలత బోధన బాగా తగ్గిపోయిందనీ తేల్చింది. సంస్కరణలకు ఇది ఒక ప్రేరణ అయింది. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ ఆమోదించిన 2005 మార్గదర్శకాలు నిజమైన సమాచారంతో బోధించాలనీ, సూత్రాల కంటే భావనలకు ప్రాధాన్యమివ్వాలనీ సూచించాయి.

ఫలితమిచ్చే పద్ధతులు కొన్ని స్పష్టంగా తెలుసు. మొదటిది, బొమ్మ గీసి చూడటం. ఫ్రాన్సిస్ యాన్‌స్కంబ్ 1973లో ఇచ్చిన నాలుగు సమాచార సముదాయాల్లో సగటు, విస్తృతి, సహసంబంధం దాదాపు ఒకటే. గ్రాఫ్ గీస్తే నాలుగూ నాలుగు రకాలు. రెండోది, ప్రభావమే లేని సమాచారాన్ని కంప్యూటర్‌తో వెయ్యిసార్లు సృష్టించి, ఎన్నిసార్లు 0.05 కంటే తక్కువ పి-విలువ వస్తుందో విద్యార్థి స్వయంగా లెక్కపెట్టడం. మూడోది, ప్రచురితమైన ఒక అధ్యయనాన్ని తరగతి మొత్తం కలిసి మళ్లీ చేయడం. దీనివల్ల విద్యార్థి శిక్షణా, శాస్త్రానికి కొత్త సాక్ష్యమూ ఒకేసారి సమకూరుతాయి.

ఇంటర్వ్యూలు, కథన విశ్లేషణ, క్షేత్ర పరిశీలన వంటి గుణాత్మక పద్ధతులు కూడా ఈ శిక్షణలో చోటు సంపాదించుకున్నాయి. ఒక అనుభవం ఎలా ఉంటుందన్న ప్రశ్నకు అవి జవాబిస్తాయి. ఎంతమందికి, ఎంత మేరకు అన్న ప్రశ్నలు సంఖ్యాత్మక పద్ధతులవి.

ఈ శిక్షణ ముగిసేసరికి విద్యార్థి చేయగలగాల్సిన పనులు నాలుగు: తన ప్రశ్నకు తగిన పోలికను ఎంచుకోవడం, కొలమానం ఈ మనుషుల మీద, ఈ భాషలో పనిచేస్తుందని చూపడం, విశ్లేషణను ముందే నిర్ణయించుకుని దానికి కట్టుబడటం, సాక్ష్యం అనుమతించినంత మేరకే చెప్పడం. పాఠశాలల్లో కౌన్సెలింగ్, ఆస్పత్రుల్లో చికిత్స, ఉద్యోగాల్లో ఎంపిక ఈ పరిశోధనల మీదే ఆధారపడతాయి. అందువల్ల ఇక్కడ జరిగే పొరపాటు మూల్యాన్ని పరిశోధకుడు కాక, అతని నిర్ధారణను నమ్మినవారు చెల్లిస్తారు.